ఫొటో చేరింది సరే, తీసిన తేదీ ఏ దారిలో పోయింది?

నలుగురు కలిసి టూర్ వెళ్లొస్తారు. నాలుగు ఫోన్లలో కలిపి ఓ ఆరొందల ఫొటోలు ఉంటాయి, ఇంటికొచ్చాక అందరూ తలా కొన్ని గ్రూపులో పడేస్తారు, వాళ్లలో కాస్త ఓపికున్న ఒకరు అన్నీ ఒక ఫోల్డర్లోకి దించుకుని ఆల్బమ్ చేద్దామని కూర్చుంటారు. తంటా అక్కడ మొదలవుతుంది. తన ఫోన్‌తో తీసినవి మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా చక్కగా వరుసలో ఉంటాయి, మిగతా ముగ్గురివి మాత్రం టూర్ అయిపోయిన మర్నాడు రాత్రి ఒక్క గంటలో తీసినట్టు చివర్లో కుప్పగా పడి ఉంటాయి. పొద్దున కొండెక్కిన ఫొటో పక్కనే ఆఖరి రోజు బస్సులో నిద్రపోయిన ఫొటో. ఏది ఎప్పటిదో గుర్తున్నంత కాలం చేత్తో సర్దుకోవచ్చు, కానీ ఐదేళ్ల తర్వాత గుర్తుంటుందా?

ఇందులో ఎవరి తప్పూ లేదు, ఎవరూ ఏమీ డిలీట్ చెయ్యలేదు. ఫొటో బయటికి బాగానే కనిపిస్తుంది కాబట్టి లోపల ఏదో పోయిందన్న అనుమానం కూడా రాదు. పోయింది మెటాడేటా, అంటే ఫొటోతో పాటు అదే ఫైల్లో దాక్కుని ఉండే సమాచారం: ఎప్పుడు తీశారు, ఎక్కడ తీశారు, ఏ ఫోన్, ఏ లెన్స్, షట్టర్ స్పీడ్ ఎంత, ఫోన్ నిలువుగా పట్టుకున్నారా అడ్డంగానా, ఇలాంటివి.

దీని గురించి నెట్‌లో రాసేవాళ్లు ఎక్కువగా ఒకటే మాట చెప్తారు, ఆ యాప్ వాడకండి ఈ యాప్ వాడండి అని. అది సగం సమాధానమే, ఎందుకంటే అదే యాప్‌లో ఒక బటన్ నొక్కితే అంతా పోతుంది, ఇంకో బటన్ నొక్కితే అంతా ఉంటుంది. అసలు అడగాల్సింది యాప్ పేరు కాదు. ఈ దారిలో ఫైల్ ఉన్నది ఉన్నట్టు వెళ్తోందా, లేక మధ్యలో ఎవరో ఆ బొమ్మని చూసి కొత్త ఫైల్ తయారు చేస్తున్నారా? ఈ ఒక్క ప్రశ్నతో దాదాపు అన్ని చిక్కులూ విడిపోతాయి.

లోపల ఏముంటుంది

ఒక ఫోన్ తీసిన జేపెగ్ ఫైల్‌ని ఫొటోలా కాకుండా ఉత్త బైట్ల వరుసలా తెరిచి చూస్తే మొదటి రెండు బైట్లు "ఇది జేపెగ్" అని చెప్పే గుర్తు. ఆ వెంటనే సాధారణంగా యాప్1 అనే ఒక చిన్న గది ఉంటుంది (పేరు యాప్ అయినా మనం ఇన్‌స్టాల్ చేసుకునే యాప్‌లకీ దీనికీ సంబంధం లేదు). ఆ గది తలుపు మీద ఎగ్జిఫ్ అని రాసి ఉంటుంది. గది ఎంత పెద్దదో చెప్పడానికి ఇచ్చిన జాగా రెండు బైట్లే, అందుకే అది 64 కేబీ దాటదు. లోపల ఒక టేబుల్, ఆ టేబుల్లో ఒక చోట 2023:08:14 17:42:09 అని పంతొమ్మిది అక్షరాల్లో తీసిన క్షణం ఉంటుంది. తేదీలో కూడా అడ్డగీతల బదులు కోలన్లే, అదో పాత అలవాటు, ఇప్పటికీ అలాగే నడుస్తోంది. నాలుగు ఎంబీల ఫొటోలో మనం వెతుక్కునే తేదీ ఆ పంతొమ్మిది అక్షరాలే, దాన్ని తీసెయ్యడం వల్ల ఎవరికీ మిగిలే డేటా ఏమీ ఉండదు.

ఈ ఎగ్జిఫ్‌ని జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం జేడా 1995లో డిజిటల్ కెమెరాల కోసం తయారు చేసింది. అప్పటికి ఫొటోని ఫోన్ నుంచి ఫోన్‌కి పంపుకోవడం అన్న ఆలోచనే లేదు, కెమెరాలోంచి కంప్యూటర్‌కి, అక్కణ్నుంచి ప్రింటర్‌కి, అంతే. ఆ పుట్టుక వల్ల కొన్ని లోపాలు చాలాకాలం ఉండిపోయాయి. ఉదాహరణకి తేదీ పక్కన టైమ్ జోన్ రాసే చోటే లేదు, 2016లో వచ్చిన 2.31 వెర్షన్‌తో గానీ దానికి విడిగా ట్యాగ్ రాలేదు. లొకేషన్‌తో పాటు వచ్చే జీపీఎస్ టైమ్ మాత్రం మొదట్నుంచీ యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక టైమ్) ఉంటుంది. వీడియోలది ఇంకో లోకం, ఎంపీ4 ఫైల్లో తయారైన టైమ్‌ని 1904 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కపెట్టి యూటీసీలో రాయాలని రూలు. అందుకే ఒకే నిమిషంలో తీసిన ఫొటో, వీడియో కొన్ని ప్రోగ్రాముల్లో గంటల తేడాతో ఎక్కడో దూరంగా కనిపిస్తాయి, ఏదీ పోకపోయినా సరే.

ఎగ్జిఫ్ ఒక్కటే కాదు. వార్తా సంస్థలు వాడే ఐపీటీసీ అనే పద్ధతి ఉంది, ఫొటో తీసినవాళ్ల పేరు, కాపీరైట్, కింద రాసే క్యాప్షన్ దాన్లో పెడతారు. ఫైల్ గురించిన వివరాలు ఫైల్లోనే రాసిపెట్టడానికి 2001లో అడోబీ తెచ్చిన ఎక్స్ఎంపీ అనే ఇంకో పద్ధతి ఉంది. ఇప్పటి ఫోన్లు చేసే మాయలన్నీ ఎక్కువగా ఈ ఎక్స్ఎంపీ మీద ఆధారపడి ఉంటాయి, ఇది చాలామందికి తట్టని విషయం. 360 డిగ్రీల ఫొటో తీస్తే, ఇది గుండ్రంగా తిప్పి చూపించాల్సిన బొమ్మ అని వ్యూయర్‌కి చెప్పేది ఎక్స్ఎంపీలో ఉన్న నాలుగు లైన్లే. అవి పోతే అదే ఫొటో సాగదీసిన పొడుగాటి పట్టీలా కనిపిస్తుంది, వేలితో ఎంత లాగినా తిరగదు. నొక్కితే కాసేపు కదిలే మోషన్ ఫొటో కూడా అంతే, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ కదిలే చిన్న వీడియో జేపెగ్ ఫైల్ తోకకి అతికించి ఉంటుంది, ఎక్కడ మొదలవుతుందో ఎక్స్ఎంపీ చెప్తుంది. అలాంటిదే ఐఫోన్ లైవ్ ఫొటో అయితే బొమ్మ, వీడియో అసలు రెండు వేర్వేరు ఫైళ్లు, ఒకటే పంపితే రెండోది అక్కడే ఆగిపోతుంది.

రంగుల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ఐఫోన్లు 2016 నుంచి, తర్వాత చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా, మామూలు కన్నా విశాలమైన రంగుల పరిధిలో ఫొటో తీసి, ఈ అంకెల్ని ఇలా చదవండి అని ఒక కలర్ ప్రొఫైల్ ఫైల్లో పెడతాయి. అంకెలు మార్చకుండా ఉత్త ప్రొఫైల్ పీకేస్తే ఎర్రటి పువ్వు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. 2023లో ఆండ్రాయిడ్ 14తో వచ్చిన అల్ట్రా హెచ్‌డీఆర్ ఫొటోల్లో వెలుగు పెంచే మ్యాప్ ఒకటి అదే ఫైల్లో వెనకాల ఉంటుంది, అది పోతే సూర్యాస్తమయం చప్పగా కనిపిస్తుంది. "నా ఫోన్లో ఉన్నంత బాగా నీ ఫోన్లో లేదేంటి" అంటే ప్రతిసారీ స్క్రీన్ తేడానే కాకపోవచ్చు.

పోవడం ఎలా జరుగుతుంది

చాలామంది అనుకునేది యాప్ కావాలని మెటాడేటాని వెతికి మరీ చెరిపేస్తుందని. కొన్ని యాప్‌లు నిజంగానే అలా చేస్తాయి, సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ లాంటిది ప్రైవసీ కోసం తీసేస్తామని బాహాటంగానే చెప్తుంది. కానీ చాలా చోట్ల జరిగేది ఇంకా మామూలు సంగతి. పన్నెండు మెగాపిక్సెల్ ఫొటో ఇస్తే యాప్ దాన్ని విప్పి పిక్సెల్స్‌గా మెమరీలో పరుస్తుంది, చిన్నది చేస్తుంది, ఆ చిన్నదాన్ని మళ్లీ జేపెగ్‌గా కడుతుంది. ఈ కట్టే పని చేసే రెడీమేడ్ కోడ్‌కి (లైబ్రరీ అంటారు) పిక్సెల్స్ ఇచ్చారు గానీ పాత ఫైల్లో ఉన్న గదిని ఇవ్వలేదు. ఎవరో ఇంజనీర్ కూర్చుని ఆ గదిని కూడా కొత్త ఫైల్‌కి మొయ్యి అని కోడ్ రాస్తేనే వెళ్తుంది, రాయకపోతే లేదు. అంటే ఇది చెరిపెయ్యడం కాదు, మొయ్యకపోవడం. పాత ఉత్తరాన్ని చూసి కొత్త కాగితం మీద తిరగరాశారు, కవర్ మీద ఉన్న పోస్టాఫీసు ముద్ర మాత్రం పాత కవర్ మీదే ఉండిపోయింది, అలాంటిది.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, దీన్నుంచే అన్ని లెక్కలూ వస్తాయి. ఫొటోని చిన్నది చేసే ప్రతి దారీ అనుమానించాల్సిందే. ఫిల్టర్ వేసే ప్రతి యాప్, కొలాజ్ చేసే ప్రతి యాప్, సైజ్ తగ్గించే ప్రతి యాప్, కాపీ కొట్టి పేస్ట్ చెయ్యడం కూడా, ఎందుకంటే పేస్ట్‌లో చాలాసార్లు వెళ్లేది పిక్సెల్సే, ఫైల్ కాదు. స్క్రీన్‌షాట్ అయితే చెప్పనే అక్కర్లేదు, అది ఫొటోని ఫొటో తియ్యడమే, దాని తేదీ స్క్రీన్‌షాట్ కొట్టిన తేదీ.

తిరగేసిన ఫొటోల మిస్టరీ కూడా ఇందులోదే. ఫోన్ నిలువుగా పట్టుకుని తీస్తే చాలా ఫోన్లు పిక్సెల్స్‌ని తిప్పవు, సెన్సర్ ఎలా చూస్తే అలాగే అడ్డంగా రాసేసి, పక్కన ఓరియంటేషన్ 6 అని ఒక అంకె పెడతాయి, చూపించేవాళ్లు తిప్పి చూపించండి అని. ఏదో ఒక వెబ్‌సైట్ ఆ అంకెని పట్టించుకోకుండా తీసేసిందంటే మనిషి పక్కకి పడుకుని కనిపిస్తాడు. అప్లోడ్ చేసిన ఫొటో అడ్డంగా పడితే ఆ సైట్ మెటాడేటాని తుంచేస్తోందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు, వేరే టెస్ట్ అక్కర్లేదు.

ఇప్పుడు వాట్సాప్. గ్యాలరీ బొమ్మ నొక్కి మామూలుగా పంపితే ఫొటో చిన్నదై, లోపల ఖాళీ అయి వెళ్తుంది. 2023లో హెచ్‌డీ బటన్ వచ్చింది కదా, దాంతో అయినా ఉంటుందా అంటే, ఉండదు. హెచ్‌డీ అంటే పిక్సెల్స్ ఎక్కువ ఉంచుతుంది గానీ అది కూడా తిరిగి కట్టిన ఫైలే. చాలామంది బోల్తా పడేది ఇక్కడే, బొమ్మ పదునుగా ఉంది కాబట్టి ఒరిజినల్ వచ్చేసిందనుకుంటారు. క్వాలిటీ వేరు, మెటాడేటా వేరు, రెండూ కలిసి ప్రయాణించాలని రూలేమీ లేదు.

అవతలివాళ్ల ఫోన్లో సేవ్ అయిన ఫైల్ పేరు చూస్తే ఐఎంజీ, డాష్, 20240115, డాష్, డబ్ల్యూఏ0003 ఇలా ఉంటుంది. ఆ ఎనిమిది అంకెలు ఫొటో తీసిన తేదీ కాదు, వాట్సాప్‌లో చేతులు మారిన తేదీ. చివరి నాలుగు అంకెలు ఆ రోజు ఆ ఫోన్లో ఎన్నోదో చెప్పే వరుస నంబరు. లోపల తీసిన తేదీ లేదు కాబట్టి గ్యాలరీ యాప్ గత్యంతరం లేక ఫైల్ ఎప్పుడు మారిందో ఆ తేదీని పట్టుకుంటుంది, అది డౌన్‌లోడ్ అయిన రోజు. కొత్త ఫోన్ కొని బ్యాకప్ రీస్టోర్ చేసినప్పుడు చాలాసార్లు ఆ తేదీ కూడా మారిపోయి, ఏడేళ్ల ఫొటోలన్నీ ఫోన్ కొన్న రోజునే పుట్టినట్టు కనిపిస్తాయి. ఈ ఫైల్ తేదీకీ, ఎగ్జిఫ్‌లో ఉండే తీసిన తేదీకీ తేడా తెలియకపోవడం వల్లే సగం గందరగోళం. ఒకటి డబ్బా మీద అంటించిన చీటీ, ఎవరు ముట్టుకున్నా మారుతుంది. ఇంకోటి డబ్బా లోపల పెట్టిన చీటీ, మూత తీసి మార్చితేనే మారుతుంది.

ఉన్నది ఉన్నట్టు పంపాలంటే

వాట్సాప్‌లోనే అటాచ్ గుర్తు నొక్కి డాక్యుమెంట్ ఎంచుకుని ఆ దారిలో ఫొటో పంపితే అది ఫైల్‌గా వెళ్తుంది, తగ్గించడాలు తిరిగి కట్టడాలు ఉండవు. 2022 నుంచి ఒక ఫైల్ 2 జీబీ దాకా పోతుంది కాబట్టి సైజ్ సమస్య కాదు. టెలిగ్రామ్‌లో కూడా ఫొటోగా పంపితే కుదించేస్తుంది, ఫైల్‌గా పంపితే ముట్టుకోదు. ఇబ్బంది ఏంటంటే డాక్యుమెంట్‌గా పంపినవి చాట్‌లో అంత అందంగా కనపడవు, కొన్ని ఫోన్లలో గ్యాలరీలోకి కూడా వాటంతట అవి రావు, అందుకే ఇంట్లో పెద్దవాళ్లకి అలా పంపితే "తెరుచుకోవట్లేదు" అని తిరిగి మెసేజ్ వస్తుంది. దానికి ఒక పని చెయ్యొచ్చు, చూడ్డానికి మామూలుగా ఒకసారి, దాచుకోవడానికి ఫైల్‌గా ఇంకోసారి. రెండుసార్లు పంపడం విసుగే గానీ, కాస్తయినా విసుగు లేకుండా పనికొచ్చే పని ఏముంది.

ఎక్కువ ఫొటోలుంటే అన్నిటినీ ఒక జిప్ ఫైల్ చేసి పంపడం బాగా పనిచేస్తుంది. జిప్ లోపల ఏముందో షేరింగ్ యాప్‌కి పట్టదు కాబట్టి దేన్నీ ముట్టుకోదు, విప్పితే ఎగ్జిఫ్ అంతా అలాగే ఉంటుంది.

పక్కపక్కన ఉన్నవాళ్లకైతే నెట్ అక్కర్లేదు. ఐఫోన్ల మధ్య ఎయిర్‌డ్రాప్, ఆండ్రాయిడ్ల మధ్య క్విక్ షేర్ (2024లో గూగుల్ వాళ్ల నియర్‌బై షేర్ ఇందులో కలిసిపోయింది) రెండూ ఫైల్‌ని ఫైల్‌గానే తీసుకెళ్తాయి. టూర్ నుంచి ఇంటికి బయల్దేరేముందే పది నిమిషాలు కూర్చుని ఇలా మార్చుకుంటే మొదట్లో చెప్పిన కుప్ప సమస్యే రాదు.

ఐఫోన్లో ఒక చిన్న చోటు ఉంది, దాన్ని చాలామంది ఎప్పుడూ నొక్కి ఉండరు. ఫొటోలు ఎంచుకుని షేర్ నొక్కగానే పైన ఆప్షన్స్ అని సన్నటి అక్షరాల్లో ఉంటుంది, 2019లో ఐఓఎస్ 13తో వచ్చింది. అక్కడ లొకేషన్ పంపాలా వద్దా అని ఒక స్విచ్, ఎయిర్‌డ్రాప్ లాంటివాటికి అన్ని ఫొటో డేటాలూ పంపాలా అని ఇంకో స్విచ్. రెండోది ఆన్ చేస్తే ఎడిట్ చేసిన ఫొటో కూడా దాని అసలు రూపంతో సహా వెళ్తుంది, అవతలివాళ్లు క్రాప్ వెనక్కి తీసి మొత్తం చూడొచ్చు. ఇది వరమో శాపమో క్రాప్ చేసి ఏం దాచారన్నదాన్ని బట్టి ఉంటుంది. కంప్యూటర్‌కి కేబుల్‌తో దించేటప్పుడు సెట్టింగ్స్‌లో ఫొటోస్ కింద కీప్ ఒరిజినల్స్ అని పెట్టుకుంటే ఫోన్ హెచ్ఈఐసీ ఫైళ్లని (ఐఫోన్ ఫొటోలు దాచే ఇంకో రకం ఫైళ్లు) జేపెగ్‌గా మార్చకుండా అలాగే ఇస్తుంది.

ఆండ్రాయిడ్‌లో వేరే రకం వింత ఉంది. ఫైల్ పూర్తిగా వచ్చింది, తేదీ ఉంది, కెమెరా పేరు ఉంది, షట్టర్ స్పీడ్ కూడా ఉంది, లొకేషన్ ఒక్కటే లేదు. పంపిన యాప్ ఫైల్‌ని మార్చలేదని ఒట్టేసి చెప్తుంది, అది అబద్ధమూ కాదు. 2019లో ఆండ్రాయిడ్ 10 నుంచి ఫొటోల్లో ఉన్న లొకేషన్ చదవడానికి యాప్‌కి విడిగా ఒక పర్మిషన్ ఉండాలి. అది లేని యాప్ ఫొటోని తెరవగానే ఆపరేటింగ్ సిస్టమే మధ్యలో నిలబడి జీపీఎస్ ఉన్న భాగాన్ని కప్పేసి మిగతాది ఇస్తుంది. ఫోన్లో ఉన్న అసలు ఫైల్‌కి ఏమీ కాదు, అదే ఫొటోని కేబుల్‌తో కంప్యూటర్‌కి తీసుకుంటే లొకేషన్ భేషుగ్గా ఉంటుంది. బ్రౌజర్లోంచి వెబ్‌సైట్‌కి అప్లోడ్ చేసినప్పుడు, మ్యాప్ మీద ఫొటోలు పెట్టే సైట్లలో లొకేషన్ లేదని ఎర్రర్ వచ్చినప్పుడు, ముందు అనుమానించాల్సింది దీన్నే. ఫొటో ఎంచుకోమని ఫోన్ చూపించే ఫొటో పికర్లోంచి కాకుండా ఫైల్ మేనేజర్లోంచి వెళ్లి ఎంచుకుంటే కొన్నిసార్లు పని జరుగుతుంది.

మెయిల్‌లో అటాచ్ చేస్తే ఫైల్ అలాగే వెళ్తుంది, పాత దారే అయినా నమ్మకమైన దారి. ఐఫోన్ మెయిల్ మాత్రం పంపేముందు చిన్నదా, మధ్యరకమా, అసలు సైజా అని అడుగుతుంది, అసలు సైజ్ అనాలి. జీమెయిల్లో మొత్తం 25 ఎంబీ దాటితే డ్రైవ్ లింక్ అయిపోతుంది, దానికీ ఇబ్బంది లేదు, డ్రైవ్ కూడా ఫైల్‌ని ముట్టుకోదు. తీసుకునేవాళ్ల వైపు కూడా జాగ్రత్త కావాలి, ఈ మాట ఎవరూ చెప్పరు: స్క్రీన్ మీద కనిపించే ప్రివ్యూ మీద నొక్కిపట్టి సేవ్ ఇమేజ్ అంటే ప్రివ్యూనే సేవ్ అవుతుంది, డౌన్‌లోడ్ బాణం గుర్తు నొక్కితేనే అసలు ఫైల్. పంపినవాళ్లు ఎంత పద్ధతిగా పంపినా చివరి అడుగులో పోగొట్టుకున్నట్టే.

క్లౌడ్ ఆల్బమ్‌లు సగం సగం. ఐక్లౌడ్ షేర్డ్ ఆల్బమ్‌లో పెట్టినవి పొడుగు వైపు 2048 పిక్సెల్స్‌కి తగ్గిపోతాయి, కాబట్టి అది చూపించుకోడానికే, అప్పజెప్పడానికి కాదు. గూగుల్ ఫొటోస్‌లో షేర్డ్ ఆల్బమ్‌కి లొకేషన్ చూపించాలా వద్దా అని సెట్టింగ్ ఉంటుంది. గూగుల్ ఫొటోస్‌లో ఇంకో మెలిక కూడా ఉంది, స్కాన్ చేసిన పాత ఫొటోలకి కూర్చుని ఓపిగ్గా తేదీలు, వివరణలు రాస్తారు కొందరు, అవన్నీ గూగుల్ తన దగ్గర విడిగా రాసుకుంటుంది గానీ ఫైల్ లోపల రాయదు. మన డేటా అంతా దించుకోవడానికి గూగుల్ ఇచ్చే టేకౌట్‌లో మొత్తం దించుకుంటే ప్రతి ఫొటో పక్కన జేసన్ అని ఒక చిన్న ఫైల్ వస్తుంది చూడండి, రాసిందంతా అందులో ఉంటుంది. అవి ఎందుకో తెలియక చెత్త అనుకుని డిలీట్ చేసేవాళ్లు ఉన్నారు, దాంతో పాటు ఆ కష్టమంతా పోతుంది.

తీసెయ్యడం కూడా మంచిదే కదా?

మంచిదే, కొన్ని చోట్ల. 2012 డిసెంబర్లో యాంటీవైరస్ కంపెనీ పెట్టిన జాన్ మెకాఫీ బెలీజ్ పోలీసులకి దొరక్కుండా తిరుగుతున్నప్పుడు వైస్ పత్రిక వెబ్‌సైట్ ఆయనతో తీసిన ఫొటో ఒకటి పెట్టింది. ఐఫోన్‌తో తీసిన ఆ ఫొటోలో జీపీఎస్ అంకెలు అలాగే ఉన్నాయి, ఆయన గ్వాటెమాలాలో ఎక్కడున్నాడో చదివినవాళ్లకి తెలిసిపోయింది. ఇలాంటివి చూశాక సోషల్ మీడియా కంపెనీలు లొకేషన్ తీసేస్తుంటే తప్పు పట్టడం కష్టం. పిల్లల ఫొటో ఇంటి ముందు తీసి ముక్కూమొహం తెలియనివాళ్లకి చూపించేటప్పుడు లొకేషన్ అందులో ఉండకూడదు, ఇందులో రెండో మాట లేదు.

కానీ చిక్కు ఎక్కడంటే, అన్నిటినీ ఒకే మూట కట్టి పారెయ్యడంలో. లొకేషన్ ప్రమాదకరం అయినంత మాత్రాన తేదీ ప్రమాదకరం కాదు, ఓరియంటేషన్ కాదు, తీసినవాళ్ల పేరు అసలే కాదు. పైగా వీధిలో పోయేవాళ్లకి చూపించడానికీ సొంత అన్నయ్యకి పంపడానికీ ఒకటే రూలు పెట్టేశారు. సోషల్ మీడియా ప్రైవసీ కోసమే తీసేస్తున్నాం అంటుంది గానీ అప్లోడ్ చేసిన ఫైల్లో లొకేషన్ కంపెనీ సర్వర్‌కి చేరాకే కదా తీసేది, చూసేవాళ్లకి కనపడదు, కంపెనీకి కనపడిందా లేదా అన్నది వేరే ప్రశ్న. నిజంగా దాచాలనుకుంటే ఫోన్లోంచి బయటికి వెళ్లకముందే తీసెయ్యాలి.

ఫొటోగ్రాఫర్ల బాధ ఇంకోటి. ఫైల్లో కాపీరైట్ రాసుకుంటే అది షేర్ అయిన చోటల్లా ఊడిపోతోందని ఐపీటీసీ సంస్థ 2013 నుంచి మొదలుపెట్టి సోషల్ మీడియా సైట్లని పరీక్షిస్తూ వచ్చింది, ఒక్కో సైట్‌ది ఒక్కో తీరు అని తేలింది. ఫొటోలు పెట్టుకునే ఫ్లికర్ సైట్ లాంటి చోట్ల ఒరిజినల్‌లో అంతా ఉంటుంది, చాలా చోట్ల ఏమీ ఉండదు. 2021లో మొదలైన సీ2పీఏ అనే కొత్త పద్ధతి ఫొటో పుట్టుపూర్వోత్తరాలకి డిజిటల్ సంతకం పెట్టి ఫైల్లో ఉంచుతుంది, ఏఐ బొమ్మల కాలంలో పనికొచ్చేదే, అయితే అది కూడా ఫైల్లో ఇంకో గదిలోనే ఉంటుంది కాబట్టి తిరిగి కట్టే యాప్ చేతిలో పడితే దాని గతీ అంతే.

సాక్ష్యం విషయంలో ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఎగ్జిఫ్ తేదీని ఎవరైనా రెండు నిమిషాల్లో మార్చగలరు, కాబట్టి అదొక్కటే రుజువు కాదు. కానీ యాక్సిడెంట్ ఫొటోనో, వరదలో పాడైన సామాను ఫొటోనో దాఖలు చెయ్యాల్సొచ్చినప్పుడు ఫోన్లో ఉన్న అసలు ఫైల్‌కి ఉండే విలువ ఫార్వర్డ్ అయిన కాపీకి ఉండదు. పంపాక అసలుది డిలీట్ చెయ్యకుండా ఉండటం ముఖ్యం, "వాట్సాప్‌లో ఉందిలే" అనుకుని గ్యాలరీ ఖాళీ చెయ్యడం అంత పొరపాటు ఇంకోటి లేదు.

ఉందో పోయిందో చూసుకోవడం

దీనికి యాప్‌లేమీ అక్కర్లేదు. ఐఫోన్లో ఫొటో తెరిచి పైకి తోస్తే కింద వివరాలు వస్తాయి, ఆండ్రాయిడ్ గ్యాలరీల్లో కూడా పైకి తోయడమో మూడు చుక్కలు నొక్కడమో. కెమెరా పేరు, లెన్స్, ఐఎస్ఓ కనిపిస్తే గది ఉన్నట్టు, తేదీ, సైజ్ మాత్రమే కనిపిస్తే ఖాళీ అయినట్టు. తేదీ ఒక్కటి చూసి మోసపోకూడదు, అది డబ్బా మీది చీటీ కావచ్చు. కొత్త దారి ఏదైనా వాడేముందు ఒక్క ఫొటో పంపి అవతలి ఫోన్లో ఇలా చూసుకుంటే సరి, ఎందుకంటే యాప్‌లు అప్‌డేట్ అయినప్పుడల్లా ప్రవర్తన మార్చుకుంటాయి, పోయినేడాది పనిచేసిన దారి ఈ ఏడాది పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు.

ఇప్పటికే పోయిన వాటి సంగతి? మొదటి పని, తీసినవాళ్లని అడగడం. వాళ్ల ఫోన్లో, వాళ్ల బ్యాకప్‌లో అసలుది ఇంకా ఉండొచ్చు, ఫోన్ మార్చకముందే అడగాలి. అక్కడా లేకపోతే ఎగ్జిఫ్‌టూల్ అని ఫిల్ హార్వీ 2003 నుంచి ఉచితంగా ఇస్తున్న ప్రోగ్రామ్ ఉంది, బొమ్మని తిరిగి కట్టకుండా ఉత్త గదిలో రాతని మాత్రమే మారుస్తుంది కాబట్టి క్వాలిటీ పిసరంత కూడా తగ్గదు. ఫైల్ పేరులో ఉన్న తేదీని తీసుకుని తీసిన తేదీగా లోపల రాయమని దానికి చెప్పొచ్చు, వేల ఫైళ్లకి ఒకేసారి. వాట్సాప్ ఫొటోలకి గంట నిమిషం దొరకవు, రోజు వరకే, అదీ పంపిన రోజు. చివరి నాలుగు అంకెల వరుసని బట్టి మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒక్కో ఫొటోకి ఒక్కో నిమిషం కలుపుకుంటూ పోతే కనీసం ఆ రోజులో ముందువెనకలు చెదిరిపోవు. టేకౌట్ జేసన్ ఫైళ్లు ఉంటే ఇంకా నయం, తీసిన టైమ్ సెకన్లతో సహా అందులో ఉంటుంది, అదే ప్రోగ్రామ్‌తో వెనక్కి ఫైల్లోకి ఎక్కించొచ్చు. లొకేషన్ మాత్రం తిరిగి రాదు, ఎవరైనా ఆ బొమ్మ వెనకాల కనిపించే కొండని గుర్తుపట్టి మ్యాప్ మీద చేత్తో పెడితే తప్ప.